సిల్వి కొన్న పాత పిస్తోలు

నెగౌనీ, సెప్టెంబరు 11, 1984

ప్రియమైన రెయినో,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఓడలో కొత్త వంటవాడు చేపని నీళ్లలో ఉడకబెట్టి పెడుతున్నాడని రాశావు. ఇంటికొచ్చాక వెన్నలో వేయించి పెడతాను, అప్పటిదాకా ఓపిక పట్టు. ఇక్కడ మొన్న తెల్లవారుజామున మంచు కురిసి టమాటా మొక్కలు నల్లబడిపోయాయి. కాయలు ముందే కోసుకున్నాను కాబట్టి సరిపోయింది. బడి వంటగదిలో ఈ ఏడు పిల్లలు ఎక్కువ, వండేవాళ్లం తక్కువ. అమ్మాయి కార్లా గ్రీన్ బే నుంచి ఆదివారం ఫోన్ చేసింది, బాగానే ఉంది.

ఇక అసలు సంగతి. తిట్టకుండా చివరిదాకా చదువు. నేను పిస్తోలు కొన్నాను.

మేకులు కావాలని హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లాను. అక్కడ గాజు బీరువాలో పాత తుపాకుల పక్కన ఇది కనబడింది. ఇరవై రెండు బోరు, రూగర్ కంపెనీది, సన్న గొట్టం. ఒరలో రాసుకుని రాసుకుని మూతి దగ్గర నలుపు పోయి తెల్లబడింది. పిడి చెక్క ఒకవైపు కొంచెం పెచ్చు లేచింది. తొంభై డాలర్లు అన్నాడు. కొత్తదైతే నేను ఆ వైపు చూసేదాన్ని కూడా కాదు. కొట్లో క్లెమ్ పాస్కో ఉన్నాడు, గని మూసేశాక ఆయనకి అక్కడ కూర్చోవడమే పని. ఆయనే దాన్ని విప్పి, గొట్టం ఒక చివర బొటనవేలి గోరు పెట్టి, గోరు మీద పడే వెలుగులో ఇటునుంచి లోపలికి చూడమన్నాడు. లోపల గీతలన్నీ అద్దంలా ఉన్నాయి.

"పైన ముసలిది, లోపల పడుచుది. తీసుకో సిల్వీ," అన్నాడు.

పోలీసు స్టేషన్‌కి వెళ్లి అనుమతి కాగితం తెచ్చుకున్నాను, కొన్నాక మళ్లీ తీసుకెళ్లి చూపించాను. బల్ల దగ్గర కుర్రాడు నా చేతి వంట తిని పెరిగినవాడే. "ఎవర్ని కాలుస్తారు మిసెస్ కంగస్?" అని అడిగాడు. కాగితాన్ని అన్నాను.

ఎందుకంటావా? సరస్సులు గడ్డకట్టి ఓడ ఆగాక నువ్వు చలికాలంలో ఇంట్లో ఉండేది పదో పన్నెండో వారాలు. అందులో ప్రతి మంగళవారం రైఫిల్ క్లబ్బుదే. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఒక్క మంగళవారమైనా నాతో ఉన్నావా? ఆ క్లబ్బు మీద నాకెంత కుళ్లో నీకు తెలియదు. అదే ఒక ఆడదైతే ఎప్పుడో వెళ్లి జుట్టు పట్టుకునేదాన్ని. క్లబ్బుకి జుట్టు లేదు కదా. అందుకని నేనూ చేరుతున్నాను. నీ పెద్ద రివాల్వరు ముట్టుకుంటే ఒప్పుకోవు, దాని బరువూ నావల్ల కాదు. అందుకే నాదంటూ ఒకటి. వచ్చే జనవరిలో ఇద్దరం కలిసి వెళదాం.

నీ సిల్వి


ఓడ మీద, హ్యురాన్ సరస్సు, సెప్టెంబరు 22

ప్రియమైన సిల్వి,

నిన్న డెట్రాయిట్ దగ్గర టపా పడవ వచ్చినప్పుడు నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి వేళాకోళమనుకున్నాను.

తొంభై డాలర్ల కోసం కాదు నా బాధ. ఆ క్లబ్బు నీకు నచ్చదు. టౌన్‌హాలు కింద తేమ కొట్టే నేలమాళిగ అది. ఎప్పుడూ పొగ, సిగార్లు, బూతులు. ఆడవాళ్లకి కాళ్లు చాపుకుని కూర్చునే చోటు కూడా లేదు. సరదాగా ఉంటే కంకర గుంట దగ్గరికి వెళ్లి నాలుగు డబ్బాలు కాల్చుకో, అక్కడితో ఆపు.

ఇంకొకటి. పిస్తోలు కొనడానికి క్లెమ్ పాస్కో సలహా దేనికి? ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా? గోరు పెట్టి గొట్టం చూపించాడట. గొట్టం ఎలా చూడాలో నేను ఇంట్లో ఉన్నప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి. మన పెళ్లికి ముందు వేసవిలో ఫిన్‌ల సంఘం హాల్లో నీతో వరసగా మూడు పాటలకి నాట్యం చేసినవాణ్ణి నేను మర్చిపోలేదు. అతని భార్య పోయి రెండేళ్లైంది. ఒంటరి మగాడు ఊరికే ఎవరి పిస్తోలూ విప్పడు.

నా మాట విని దాన్ని కొట్లో తిరిగిచ్చెయ్యి. ఇంటికొచ్చాక మంగళవారాలు నీతోనే ఉంటాను. క్లబ్బు మానేస్తాను. ఒట్టు.

నీ రెయినో


నెగౌనీ, అక్టోబరు 2

ప్రియమైన ఉడుకుమోతు రెయినో,

నీ ఉత్తరం చదివి వంటగదిలో నవ్వాను. తరవాత కొంచెం గర్వంగా కూడా అనిపించింది. నలభై ఏడేళ్లు దాటిన ఆడదాని మీద మొగుడికి ఇంకా అనుమానమంటే ఎవరికి బాగుండదు? కానీ పిస్తోలు తిరిగివ్వను.

ఆదివారం కంకర గుంట దగ్గర మొదటిసారి కాల్చి చూశాను. అవును, క్లెమ్ వచ్చాడు. దాచడం దేనికి? ఆయన లేకపోతే తూటాలు ఎక్కించడం దగ్గరే నా గోరు విరిగేది. పదిహేను అడుగుల దూరంలో మట్టికట్టకి కాగితపు పళ్లెం గుచ్చాడు. నేను పళ్లెం వైపు చూసి కాల్చాను. పళ్లేనికి ఏమీ కాలేదు. ఎడమవైపు, కింద, మట్టిలో దుమ్ము లేచింది. పది తూటాలూ అక్కడికే.

"పళ్లేన్ని చూడకు," అన్నాడు క్లెమ్. "గొట్టం చివర మొన ఉందే, దాన్ని చూడు. అది స్పష్టంగా కనపడాలి, పళ్లెం మసగ్గా ఉండనీ."

"చూడని దాన్ని ఎలా కొడతాను?"

"అదే మీ ఆడవాళ్లతో తంటా. అన్నీ చూడాలి."

తరవాత ఒక పని చేశాడు. తూటాల మధ్య నాకు తెలియకుండా ఒక ఉత్తిది, మందు లేనిది పెట్టాడు. నేను ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంది, పేలలేదు. కానీ నా చెయ్యి మాత్రం ఒక్క కుదుపు కుదిపింది, గొట్టం నేలచూపులు చూసింది. పేలుతుందన్న భయంతో నేనే దాన్ని కిందికి తోసేస్తున్నానన్న మాట. నాకు సిగ్గేసింది. "ఇది అందరికీ ఉంటుంది. చేతులు అబద్ధం చెప్పలేవు సిల్వీ, అదే ఈ ఆటలో అందం," అన్నాడాయన.

నా మోచెయ్యి నిటారుగా లేదని వెనక నిలబడి సరిచేశాడు. ఇది రాయకుండా ఉందామనుకున్నాను, నీకు కాలుతుందని. కానీ నీకు ఏదీ దాచిన అలవాటు లేదు నాకు. నలభయ్యో తూటాకి పళ్లెం అంచు చిరిగింది. ఆ చిరిగిన పళ్లేన్ని ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించాను.

పదహారో తారీఖు మంగళవారం క్లబ్బు తెరుస్తారు. వెళుతున్నాను.

నీ సిల్వి


టూ హార్బర్స్ రేవు, అక్టోబరు 11

సిల్వి,

మోచెయ్యి దగ్గరే నా చదవడం ఆగిపోయింది. అక్కడి నుంచి కిందికి వెళ్లడానికి ఒక పూట పట్టింది.

ఓడకి ఇనుప ఖనిజం ఎక్కిస్తున్నారు, డెక్కంతా ఎర్రదుమ్ము. పక్కన తోటివాళ్లు పేకాడుతున్నారు, నేను చెంపకి చెయ్యి పెట్టుకుని కూర్చుని, కంకర గుంట దగ్గర పరాయి మగాడు నా పెళ్లాం వెనక నిలబడి చెయ్యి పట్టుకోవడం ఊహించుకుంటున్నాను. నువ్వు ఆ ఊళ్లో, నేను ఈ నీళ్ల మీద. ఇక్కడి నుంచి నేనేం చెయ్యగలను? పెళ్లాం ఉత్తరాలు దాచుకోకుండా పైకి చదివేవాళ్లు ఉన్నారు ఈ ఓడలో. నేను ఈసారి జేబులో కుక్కేశాను.

క్లబ్బుకి వెళ్లొద్దు. అడుగుతున్నాను, ఆజ్ఞాపించడం లేదు. నేను వచ్చేదాకా ఆగు. క్లెమ్ చెప్పే మాటలన్నీ నమ్మకు. అతను నా గురించి ఏమైనా అన్నాడా? అన్నది అన్నట్టు రాయి.

రెయినో


నెగౌనీ, అక్టోబరు 17

రెయినో,

నిన్న క్లబ్బుకి వెళ్లాను. తేమ లేదు. పొగ లేదు. పొగ తాగొద్దని ఆరేళ్ల కిందటే బోర్డు పెట్టారట. నలుగురు ఆడవాళ్లు ఉన్నారు, బల్ల మీద ఎవరో తెచ్చిన యాలకుల రొట్టె ఉంది.

పేర్లు రాసుకునే ఆర్విడ్ నా పేరు చూసి తలెత్తాడు. "కంగస్? రెయినో భార్యవా? ఎలా ఉన్నాడు? మేము చూసి నాలుగు చలికాలాలైంది. ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాం."

నేను ఏం మాట్లాడానో గుర్తు లేదు. క్లెమ్ అవతలి నుంచి, "నీ పని నువ్వు చూసుకో ఆర్విడ్," అని గట్టిగా అన్నాడు. ఆయన మొహం కందిపోయింది. బయటికొచ్చాక క్లెమ్‌ని నిలదీశాను. "నన్నడక్కు సిల్వీ. మొగుణ్ణి అడుగు," అన్నాడు. అంటే ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చి, నువ్వు ముట్టుకోవద్దన్న పెట్టె అలమార మీంచి దించాను. నీ రివాల్వరు గొట్టంలో సాలెపురుగు గూడు కట్టుకుంది.

నాలుగు చలికాలాలు. ప్రతి మంగళవారం ఆరున్నరకి నువ్వు ఆ పెట్టె చంకలో పెట్టుకుని బయల్దేరితే నేను గుమ్మంలో నిలబడి బాగా కొట్టు అని చెప్పేదాన్ని. తొమ్మిదిన్నరకి వచ్చి, బాగానే పడ్డాయి అనేవాడివి.

ఎక్కడికి వెళ్లావు రెయినో?

సిల్వి


ఓడ మీద, ఈరీ సరస్సు, అక్టోబరు 29

ప్రియమైన సిల్వి,

ఇంకో ఆడది లేదు. ముందు అది రాస్తున్నాను.

మిగతాది ఇంటికొచ్చాక ఎదురుగా కూర్చుని చెబుతాను. రేవులో ఫోను దగ్గర నా వెనక ఎప్పుడూ ఆరుగురు నిలబడి ఉంటారు, అక్కడ చెప్పే మాట కాదు. కాగితం మీద పెట్టే మాట అసలే కాదు. నన్ను నమ్మి డిసెంబరు దాకా ఆగు. క్లెమ్‌ని ఇంకేమీ అడక్కు, అతనితో మాట్లాడకు. నా సంగతి అతని నోట నువ్వు వినడం నేను భరించలేను.

నీ రెయినో


నెగౌనీ, నవంబరు 14

రెయినో,

నమ్మి ఆగమన్నావు. ఆగలేదు.

మా బడి వంటగదిలో పనిచేసే పిల్లని అడిగితే తెలిసింది, నీ ట్రక్కుని హైవే మీద బెర్నిస్ టిఫిన్ కొట్టు ముందు వాళ్ల నాన్న చాలాసార్లు చూశాడట. మంగళవారాలు. శనివారం మధ్యాహ్నం వెళ్లాను. నా మంచి కోటు వేసుకుని, పెదాలకి రంగు కూడా వేసుకుని వెళ్లాను, ఎందుకో నువ్వే ఊహించుకో.

బెర్నిస్ నాకంటే పదేళ్లు చిన్నది. నడుం ఉంది. మాంసం, బంగాళాదుంప పెట్టిన పేస్టీలు తనే చేస్తుంది, పై పొర కరకరలాడుతూ బాగుంటుంది. అది ఒప్పుకోవడానికి నాకు ప్రాణం పోయింది. నేనెవరో చెప్పకుండా అడిగాను.

"రెయినోనా? తెలియకేం. చలికాలంలో ప్రతి మంగళవారం వస్తాడు. ఆ మూల బల్ల. కాఫీ, చెర్రీపళ్లు పెట్టి కాల్చిన పై ఒక ముక్క. పేపరు మొత్తం చదువుతాడు, ప్రకటనలు కూడా."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. ఎవరి కోసమో చూస్తున్నాడేమో అనుకునేదాన్ని. పాపం, ఎవరూ వచ్చేవారు కాదు. మంచి మనిషి. కప్పు మాత్రం సగమే పొయ్యమంటాడు. ఎప్పుడూ సగమే."

అప్పుడు చెప్పాను నేనెవరో. ఆవిడ కాఫీ కెటిల్ బల్ల మీద పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "అమ్మా, నాకు మొగుడున్నాడు, ఆయన ఒక్కడే నాకు ఎక్కువ," అంది. కొట్లో వేటకొచ్చిన వాళ్లు ఇద్దరు నవ్వారు. నేను డబ్బులిచ్చి బయటపడ్డాను.

ఆవిడ మాట నిజమే అనిపించింది. అయినా ఒళ్లు మండుతూనే ఉంది. కారణం చెప్పనా? నువ్వు కప్పు సగమే పోయించుకుంటావన్న సంగతి ఆవిడకి తెలుసు. నాకు తెలియదు. ఇంట్లో నువ్వే పోసుకుంటావు, నేను పొయ్యి వైపు తిరిగి ఉంటాను. నీకు చెర్రీ పై ఇష్టమని కూడా నాకు తెలియదు. నేను ఇన్నేళ్లూ ఆపిల్ చేస్తున్నాను.

మంగళవారం క్లబ్బులో మూడు వందలకి నూట పన్నెండు కొట్టాను. అంతకుముందు వారం నూట డెబ్భై. అన్నీ ఎడమవైపు, కింద.

ఈ ఉత్తరానికి నిజమైన జవాబు రాయి. రాయకపోతే నేను కారు వేసుకుని సూ కాలువ దగ్గరికి వస్తాను. మీ ఓడ లాకులో దిగుతున్నప్పుడు గట్టు మీద నిలబడి, అందరూ వినేలా అడుగుతాను.

సిల్వి


ఓడ మీద, సుపీరియర్ సరస్సు, నవంబరు 26

ప్రియమైన సిల్వి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఇది ఐదోది.

నా కుడి చెయ్యి వణుకుతుంది. ఐదేళ్లవుతోంది. బల్ల మీద ఆనిస్తే వణకదు, అందుకే రాత బాగానే ఉంటుంది. ఓడ చక్రం పట్టుకుంటే రాయిలా నిలబడుతుంది. కానీ గాలిలో చాచి పెడితే, కప్పు ఎత్తినా, గ్లాసు అందుకున్నా, పిస్తోలు పట్టుకున్నా, ఆకులా కదులుతుంది. నిండు కప్పు ఒలికిపోతుంది. అందుకే సగం.

మొదట క్లబ్బులోనే తెలిసింది. అప్పటిదాకా రెండు వందల డెబ్భై తగ్గనివాణ్ణి, వారం వారం తగ్గాను. తూటాలు మంచివి కావన్నాను, కళ్లన్నాను, చలి అన్నాను. ఆఖరి మంగళవారం పదింటిలో మూడు కాగితాన్నే తాకలేదు. ఆ రోజు వరస వెనక నిలబడి చూసే వంతు క్లెమ్‌ది. నా వెనకే ఉన్నాడు. నా చెయ్యి చూశాడు. వెళ్లి నా కాగితం దించి, ఎవరూ చూడకముందే మడిచి పొయ్యిలో పడేశాడు. నవ్వి ఉంటే, ఏదో జోకు వేసి ఉంటే మళ్లీ వెళ్లేవాణ్ణేమో. అతను జాలిపడ్డాడు. ఆ జాలి చూశాక మళ్లీ అటు అడుగు పెట్టలేదు.

ఎవరికైనా చెబితే ఆ మాట రేవు దాకా వెళుతుందని భయం. చెయ్యి వణికేవాడికి చుక్కాని ఎవరిస్తారు? ఏటా వసంతంలో ఓడ ఎక్కేముందు డాక్టరు చేతులు చాచమన్నప్పుడు, ఆ పూట పొద్దున్నే బ్రాందీ రెండు గుక్కలు తాగి వెళ్లేవాణ్ణి. తాగితే ఒక గంట నిలబడుతుంది. నీకు చెప్పకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది. నువ్వు గుమ్మంలో నిలబడి బాగా కొట్టు అనేదానివి చూడు, ఆ మాట పోగొట్టుకోవాలనిపించలేదు.

నువ్వు క్లెమ్ పేరు రాసినప్పుడల్లా నాకు పట్టిన కుళ్లు ఉత్త మొగుడి కుళ్లు కాదు. అరవై దాటాడు, గనిలో ముప్పయ్యేళ్లు చేశాడు, అతని చెయ్యి ఇంకా గోడకి కొట్టిన మేకులా నిలబడుతుంది. ఆ చేత్తో నీ మోచెయ్యి సరిచేశాడు. నా చేత్తో నేను ఆ పని చెయ్యలేను. అదీ నన్ను తిన్నది.

ఇంకొకటి చెప్పాలి. పోయిన వారం నదిలో పొగమంచు. కెప్టెన్ ఈల మోగించమన్నాడు. చక్రం వదిలి ఈల తాడు అందుకోబోయాను, రెండుసార్లు తప్పింది. మూడోసారి దొరికింది. ఎవరూ గమనించలేదు. కానీ నేను గమనించాను. ఆ నదిలో అటూ ఇటూ రాళ్లే. ఓడలో ఇరవై ఎనిమిది మందిమి.

నిన్న కెప్టెన్ గదికి వెళ్లి, చెయ్యి చాచి చూపించాను. ఎన్నాళ్లుగా అని అడిగాడు. చెప్పాను. "మలుపుల్లో నువ్వు చక్రం దగ్గర ఉంటే నేను నిశ్చింతగా కాఫీ తాగుతూ నిలబడేవాణ్ణి రెయినో," అన్నాడు. అంతే. తిట్టలేదు. ఇప్పుడు నన్ను డెక్కు పనిలో వేశారు, తాళ్లు, పెయింటు. వసంతంలో డాక్టరు ఏమంటే అది.

ఈ ఏడు సరుకు తక్కువని క్రిస్మస్‌కి ముందే ఓడ కట్టేస్తున్నారు. ఇరవయ్యో తారీఖు, సుపీరియర్ రేవులో. రావాలనిపిస్తే రా. రాకపోతే బస్సులో వస్తాను.

రెయినో


నెగౌనీ, డిసెంబరు 7

ప్రియమైన రెయినో,

నీ ఉత్తరం బడిలో చదవలేక ఇంటికి తెచ్చుకుని, కోటు విప్పకుండానే చదివాను. తరవాత సౌనా ఆవిరిగది వేడి చేసుకుని ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. అక్కడైతే చెమటో కన్నీళ్లో తెలియదు. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. దేని మీదో తేల్చుకోవడానికి రెండు రోజులు పట్టింది.

క్లెమ్ ఇంటికి వెళ్లాను. వెళ్లొద్దన్నావు, వెళ్లాను. వాకిట్లో మంచు ఎత్తుతున్నాడు.

"రెయినో రాశాడు," అన్నాను.

పార నేలకి గుచ్చి నిలబడ్డాడు. "చెప్పేశాడా?"

"నాలుగేళ్లు ఎందుకు నోరు మూసుకున్నావు?"

"చెయ్యి వాడిది. చెప్పుకోవాల్సింది వాడు. నేనెవర్ని?" అన్నాడు. పారకి అంటిన మంచు దులుపుతూ మళ్లీ అన్నాడు, "ఆ కాగితం పొయ్యిలో వేశానని వాడికి నా మీద కోపం వచ్చిందనుకున్నాను. వారం వారం చూశాను, వచ్చి నాలుగు తిట్టి పోతాడేమోనని. రాలేదు. నువ్వు పిస్తోలు కొంటున్నావంటే ఎగిరి గంతేశాను. నీ వెనకాలే వాడూ వస్తాడనుకున్నాను."

చూశావా? నా మోచెయ్యి సరిచేసింది నీ కోసమట. నాట్యం సంగతి కూడా అడిగాను, ఎలాగూ వచ్చాను కదా అని. మూడు పాటలు కాదు, రెండేనట. మూడో పాటకి నేను నీ వైపు చూస్తుంటే తనే వెళ్లి కూర్చున్నాడట. నాకు గుర్తు లేదు. ఆయనకి గుర్తుంది.

నీ కుళ్లు గురించి రాశావు. ఇప్పుడు నాది విను. నాకు బెర్నిస్ మీద లేదు, క్లబ్బు మీద లేదు. క్లెమ్ మీద ఉంది. ఆ చెయ్యి నా పక్కన పడుకుంటుంది రెయినో. శనివారం సౌనాలో నా వీపు రుద్దుతుంది. కార్లా పుట్టినప్పుడు నేను నలిపేసింది ఆ చెయ్యినే. దాని సంగతి మొదట క్లెమ్ పాస్కోకి తెలిసింది, తరవాత కెప్టెన్‌కి. సగం సంగతి పేస్టీలు చేసే ఆవిడకి. నేను నాలుగోదాన్ని. కెప్టెన్‌కి చెప్పడం సరైన పనే, గర్వపడుతున్నాను, కానీ ఆయన గది తలుపు తట్టే ముందు నాకు ఒక ముక్క రాసి ఉండాల్సింది. ఈ ఒక్క విషయంలో నిన్ను తొందరగా క్షమించను, ముందే చెబుతున్నాను. మనిద్దరికీ కొన్ని చలికాలాలు పట్టొచ్చు.

బాగా కొట్టు అన్న మాట పోతుందని భయపడ్డానన్నావు. నేను ఆ మాట అనేది నువ్వు కొడతావని కాదు. నువ్వు వెళుతుంటే ఏదో ఒకటి అనాలి కదా.

డాక్టర్ దగ్గర మార్క్వెట్‌లో ఇరవై ఏడుకి సమయం తీసుకున్నాను. బ్రాందీ తాగకుండా వెళతావు, నేను పక్కన కూర్చుంటాను. చుక్కాని పోతే పోయింది. బడి వంటగదికి ఎలాగూ మనుషులు చాలడం లేదు, ఉల్లిపాయలు తరగడం మాత్రం నీకు ఇవ్వను.

మంగళవారాలు నేను మానను. మొన్న నూట తొంభై ఒకటి వచ్చింది. ట్రిగ్గర్ ఎప్పుడు పేలిందో నాకే తెలియలేదు, అలాగే ఉండాలట. నువ్వు వస్తే రా, కాల్చనక్కర్లేదు, బల్ల దగ్గర కూర్చుని రొట్టె తిను. ఎవరైనా అడిగితే నువ్వే చెప్పు. లేదా ఇంట్లో ఉండి, నేను పిస్తోలు పెట్టె పట్టుకుని బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడు. ఏమనాలో నీకు తెలుసు. బెర్నిస్ కొట్టుకి మాత్రం ఇద్దరం కలిసే వెళతాం.

ఇరవయ్యో తారీఖున సుపీరియర్ రేవులో ఉంటాను. దారంతా మంచు ఉంటుంది, నిదానంగా నడుపుతాను, గేటు దగ్గర ఆలస్యమైతే కంగారుపడకు. సంచులు కింద పెట్టు. ఎవరు చూస్తే ఏం, కుడి చేతి తొడుగు తీసి, చెయ్యి చాచి పట్టుకో. వణకనీ. నన్ను చూడనీ.

నీ సిల్వి